అవ్వ కాలు, నేను పారేసిన మాత్రలు

మా అవ్వకి బోదకాలు. ఊళ్లో చేతబడి అనేవాళ్లు, నేనూ నమ్మాను. హాస్టల్‌కొచ్చాకే తెలిసింది, అది దోమకాటుతో ఒంట్లోకి చేరే సన్నటి పురుగని. దాని పిల్లలు ఎక్కువగా రాత్రిళ్లే రక్తంలో తిరుగుతాయంట. అందుకే రక్తం రాత్రి తీస్తారు. మోసేది మురుగునీటి దోమ. మా హాస్టల్ వెనక కాలవ నిండా అవే!

పోయినేడు ఆశా అక్క డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలిస్తే, జ్వరమొస్తుందన్న భయంతో గుప్పిట్లో దాచి పారేశాను. దాచడమెందుకు, నిజం చెప్తున్నా. రక్తంలో పురుగులు చస్తుంటేనే కొందరికి ఆ జ్వరం. ఈసారి అన్నం తిని, అక్క ముందే మింగాను. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, బాగా జబ్బుపడ్డవాళ్లు మింగకూడదు.

అవ్వ కాలు మామూలవదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి తుడుస్తుంటే మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గాయి. సెలవుల్లో ఆ పని నాదే. "గట్టిగా రుద్దకురా" అని తిడుతుంది.