గెట్టు అవతలి రాయి

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా భద్రావతి చుట్టుపక్కల చేలకు కంచె వేసేది దొంగల భయంతో కాదు. అడవి పందులకు జడిసి, ఇక్కడివాళ్లు రోహి అని పిలిచే నీలగాయికి జడిసి, మందలుగా దిగే దుప్పులకు జడిసి వేస్తారు. తూర్పున తాడోబా–అంధారీ పులుల అభయారణ్యం ఉంది. కోర్, బఫర్ కలిపి 1,727 చదరపు కిలోమీటర్లు. పులి పంట జోలికి రాదు. పులి తినాల్సినవే వచ్చి పంట తింటాయి. సోయా గింజ పట్టే వేళకు, కంది పూతకొచ్చే వేళకు మంచె మీద నిద్ర కాచే ఓపిక లేని రైతు తీగ కొంటాడు.

ఆ కొనడంలో ఎంత శ్రద్ధో చూడాలి. తీగ ఏ గేజీ, ముల్లుకూ ముల్లుకూ ఎంత ఎడం, జింకు పూత మంచిదేనా, సిమెంటు కడీలో, అంటే కంచె కంబంలో, ఎన్ని సలాకలు పడ్డాయి అని గంటల తరబడి బేరం సాగుతుంది. మూల కడీని ఎలా ఆపాలన్న మాట మాత్రం ఆ బేరంలో రాదు. కంచె పాడయ్యేదేమో మూల దగ్గరే. రెండు వానాకాలాలు గడిచిన ఏ కంచెనైనా చూడండి. మధ్య కడీలు నిటారుగానే ఉంటాయి. మూల కడీ ఒక్కటే చేను లోపలికి వంగి ఉంటుంది. అది జానెడు వంగితే బారు మొత్తం తీగ వదులవుతుంది. వదులైన తీగ కింద పంది మూతి పెట్టి ఎత్తితే చాలు, వెనకాల పిల్లలన్నీ దూరిపోతాయి.

ఎందుకు వంగుతుంది? వరసలో మధ్యనున్న కడీకి పెద్ద పని లేదు. ఇటు ఎంత లాగుడో అటూ అంతే కాబట్టి తీగను ఎత్తి పట్టుకుంటే సరిపోతుంది. మూల కడీకి అవతలి వైపు లాగేది ఏమీ లేదు. ఐదు వరసల తీగ వేసి, ఒక్కో వరసను 100 కిలోల లాగుడుకు బిగిస్తే, అరటన్ను బలం రాత్రింబవళ్లు దాన్ని ఒకే వైపుకు గుంజుతూ ఉంటుంది. భద్రావతి డొలారా చెరువులో దీవికి వెళ్లే పాత వంతెన ఉంది. రెండు వరసల రాతి స్తంభాలు, వాటి మీద బరువైన దూలాలు. ఆ స్తంభాలు ఇన్ని వందల ఏళ్లు నిలిచాయంటే, వాటి మీద బరువు నిట్టనిలువునా కిందికి దిగడం ఒక కారణం. రాతి కంబానికి కిందికి మోయడం చేతనవును. పక్కకు లాగే బలాన్ని ఏళ్ల తరబడి కాచుకోవడం దాని వల్ల కాదు.

దీనికి తోడు చంద్రపూర్ వాతావరణం. మేలో ఇక్కడ 45 డిగ్రీలు మామూలు మాట. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పదికి అటూ ఇటూ. ఆ 35 డిగ్రీల తేడాకు 100 మీటర్ల ఇనుప తీగ 4 సెంటీమీటర్ల మేర సాగి ముడుచుకుంటుంది. మే ఎండలో చేతనైనంత బిగించి మురిసిపోయిన తీగ, చలికాలంలో ఎవరూ ముట్టుకోకుండానే మూల కడీని ఇంకా గట్టిగా గుంజుతుంది.

నేల సంగతి సరేసరి. ఇక్కడ ఎక్కువగా నల్లరేగడి. పత్తికి తల్లి, కంబానికి మారుతల్లి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. పాతిన కడీ చుట్టూ వేసవిలో సందు పడుతుంది, తొలకరికి ఆ సందులోకి నీళ్లు దిగుతాయి, మన్ను మెత్తబడుతుంది, కడీ తీగ వైపుకు మొగ్గుతుంది.

కాబట్టి కడీని వెనక నుంచి పట్టి ఆపే లంగరు కావాలి. కరెంటు స్తంభానికి వాలుగా కట్టే స్టే తీగను అందరూ చూసే ఉంటారు. చేనుకూ అదే సూత్రం. సెట్టు మొత్తం కొనక్కర్లేదు, ఉన్న వస్తువులతో చేసుకోవచ్చు. అన్నిటికన్నా పాతది, చవకైనది పాతిన రాయి. రెండడుగుల పొడవున్న రాతి బద్దకో విరిగిన సిమెంటు కడీ ముక్కకో ఎనిమిదో నంబరు జీఐ తీగను రెండు పేటలుగా చుట్టి, మూడడుగుల లోతు గోతిలో లాగుడుకు అడ్డంగా పడుకోబెట్టాలి. ఆ రాయిని పట్టి ఉంచేది పైనున్న మన్ను బరువు. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న మట్టి దిమ్మ టన్నుకు పైగానే తూగుతుంది. రాయి కదలాలంటే దాన్నంతా ఎత్తుకుని లేవాలి.

ఇక్కడ పనితనమంతా గోతిలో ఉంది. రాయి ఆనుకోవాల్సింది తవ్వి పోసిన మన్నుకు కాదు, గడ్డపార ఎరగని గట్టి నేలకు. అందుకని గోతి గోడను కడీ వైపున నిలువుగా చెక్కి, అడుగున ఆ గోడలోకే కాస్త తొలిచి రాయిని అందులోకి జరపాలి. తీగ పైకి వచ్చేందుకు గోతి నుంచి కడీ వైపుకు బొటనవేలంత వెడల్పు కాలువ మాత్రమే వాలుగా గీయాలి. ఆ కాలువ గీయకపోతే తీగ మట్టిలో వంకర తిరుగుతుంది. మొదటి వానకు ఆ వంకర తిన్నగా సాగి, బిగింపంతా పోతుంది. నింపేటప్పుడు తీసిన రేగడినే తిరిగి పోయకుండా మొరం తెచ్చి, జానెడు మందాన పోసి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ పోయాలి. తీగ నేలలోంచి బయటపడే చోట తుప్పు ముందుగా పడుతుంది. ఆ జానెడు మేర తారు పూస్తే ఇంకొన్నేళ్లు వస్తుంది.

గోయి మూతి దగ్గర ఇరుకుగా, అడుగున కుండ కడుపులా వెడల్పుగా తవ్వి కాంక్రీటు పోసినా అదే ఫలితం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల్లో ఇళ్ల కోసం రూపొందించిన అండర్‌రీమ్డ్ పైలు కూడా ఇదే పద్ధతి. అడుగున ఉబ్బెత్తు పెట్టి, పైనున్న నేల ఉబ్బినా ముడుచుకున్నా కంబం కదలకుండా చేయడమే దాని కిటుకు. ఇంటి కోసం దాన్ని మీటర్ల లోతుకు దింపుతారు. కంచె కోసం మన ఓపికను బట్టి దింపుతాం.

తవ్వకం ఇష్టం లేనివాళ్లు వెల్డింగు షాపుకు వెళ్తారు. ట్రాక్టరు హారోకు అరిగిపోయిన డిస్కు పాత ఇనుప కొట్టులో కిలోల లెక్కన దొరుకుతుంది. దాని నడిమి కన్నంలోంచి 20 మిల్లీమీటర్ల సలాక దూర్చి అతికిస్తే పాతిపెట్టే లంగరు తయారు. చదునైన గుండ్రటి రేకును అంచు నుంచి మధ్య దాకా ఒక్క కోత కోసి, కోత అంచులను ఒకటి పైకి, ఒకటి కిందికి సాగదీసి సలాకకు అతికిస్తే మర లంగరు అవుతుంది. పై రింగులో గడ్డపార దూర్చి తిప్పుకుంటూ పోతే నేలలోకి దిగుతుంది. దీనికి మూలపురుషుడు అలెగ్జాండర్ మిచెల్. 1780లో డబ్లిన్‌లో పుట్టి, యౌవనంలోనే చూపు పూర్తిగా పోగొట్టుకున్న ఇంజనీరు. 1833లో మర కంబానికి పేటెంటు తీసుకున్నాడు. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట మేప్లిన్ ఇసుక మేటల మీద లైట్‌హౌసు కోసం 1838లో ఆ కంబాలను తిప్పి దింపారు. ఇసుకలో నిలిచింది రేగడిలోనూ నిలుస్తుంది, కాలం చూసుకుంటే. మే నెలలో ఆ మరను ఈ నేలలో తిప్పబోతే గడ్డపార వంగుతుంది. తొలకరి పడి నేల నాని, దుక్కికి సాగినప్పుడు ఇద్దరు మనుషులు తిప్పితే సరిపోతుంది.

ఇంతవరకూ ఇనుము, మన్ను. అసలు చిక్కు కొలతలో ఉంది. తీగ చేను లోపలి వైపుకు లాగుతుంది కాబట్టి లంగరు చేను బయట పడాలి. కడీ అయిదడుగులు ఎత్తుంటే, 45 డిగ్రీల వాలుకు లంగరు తీగ అయిదడుగుల అవతల నేలను తాకుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి అరటన్ను లాగుడంతా దాని మీదే వేసుకుంటే, అది మోయాల్సింది 700 కిలోలు. గెట్టు దాటడం ఎందుకని దగ్గరికి జరిపి 60 డిగ్రీల వాలుకు తెస్తే మూడడుగుల్లోపే అయిపోతుంది. కానీ మోత టన్ను అవుతుంది, కడీని కిందికి నొక్కే బలమూ పెరిగి రేగడిలో దాన్ని దించేస్తుంది. మన చేను మూల అంటే మన హద్దు ముగిసే చోటు. దాని అవతల అయిదడుగుల నేల మనది కాదు.

మంచిర్యాల వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే నాలుగెకరాలు కొనుక్కున్న మిత్రుడికి ఈ సంగతి గోయి తవ్వబోయే రోజున తట్టింది. పక్క చేను ఒక పెద్దాయనది. మా మిత్రుడు ఆయన్ని కాకా అంటాడు. నమస్కారం పెట్టి, “కాకా, మీ గట్టు మీద ఒక రాయి పాతుకుంటాను” అన్నాడు. పెద్దాయన గోయి వైపు చూడలేదు, మా వాడి మొహం చూశాడు. “ఈ రోజు పాతుకుంటావు. రేపు మీ అబ్బాయి వచ్చి, మా నాన్న రాయి ఇక్కడే ఉంది, గెట్టు ఇదే అంటే నేనేం చెయ్యాలి బాబూ?”

నవ్వి తీసిపారేసే భయం కాదది. చేనుకు గట్టు, ఊరికి కట్టు అన్నారు పెద్దలు. గట్టు మీద పాతిన రాయి దేనికి పాతారో మనుషులకు తెలుసు. ఆ మనుషులు పోయాక రాయి ఒక్కటే మిగులుతుంది, అప్పుడది సాక్ష్యమవుతుంది. మా వాడు దగ్గర్లో ఉన్న సర్వే రాయి నుంచి అడుగులు కొలిచి, లంగరు ఎక్కడ పడుతుందో, అది హద్దు కాదని, అడిగిన రోజున తీసేస్తానని కాగితం మీద రాసి ఇస్తానన్నాడు. పెద్దాయన కాగితం వద్దనలేదు. పైగా ఒక షరతు పెట్టాడు. “నేను కంచె వేసేటప్పుడు నా తీగ కూడా నీ కడీకే చుడతాను.”

మా వాడు దాన్ని మొహమాటపు ఒప్పందం అనుకున్నాడు. నిజానికి పెద్దాయన ఇచ్చింది రాయి కన్నా మంచి లంగరు. ఆయన తీగ అదే వరసలో అవతలి వైపుకు సాగి, అదే కడీని ఆయన వైపుకు గుంజితే రెండు లాగుళ్లూ చెల్లుకు చెల్లు. మూల కడీ కాస్తా మధ్య కడీ అయిపోతుంది. ఆ దిక్కున ఇక స్టే అక్కర్లేదు, గోయీ అక్కర్లేదు. రెండు చేలను వేరు చేయడానికి వేసే కంచెకు అంతకు మించిన ఆసరా ఇనుప కొట్టులో దొరకదు.

పొరుగువాణ్ని అడగకుండా కంచె నిలబెట్టలేమా అంటే, నిలబెట్టవచ్చు. ఒక దారి, చేను లోపలి నుంచి కడీకి వాలుగా ఊత పెట్టడం. మన ఊళ్లలో ఎక్కువగా చేసేది అదే. కానీ ఊత కడీని వెనక్కి నెట్టడంతో పాటు పైకి కూడా నెడుతుంది. తడిసిన రేగడి కడీని వదిలేసిన రోజున అది మెల్లగా నేలలోంచి లేస్తుంది. ఇంకో దారి, మూల కడీకి ఏడెనిమిది అడుగుల దూరాన మరో కడీ పాతి, పైన అడ్డదూలం బిగించి, ఆ రెండో కడీ తల నుంచి మూల కడీ పాదానికి ఐమూలగా తీగ కట్టి, రెండు పేటల మధ్య కర్ర దూర్చి మెలిపెట్టడం. ఇది బాగా నిలుస్తుంది, గెట్టు దాటదు. మూడో దారి, కంచె మూలనే అయిదడుగులు లోపలికి జరుపుకోవడం. అడుగు నేల కోసం కోర్టు మెట్లెక్కే మనవాళ్లకు ఆ మాట చెప్పి చూడండి.

తీగలోకి నేరుగా ఇంటి కరెంటు వదిలే నాలుగో దారి కూడా కొందరు తొక్కుతారు. అది నేరం. పందితో పాటు పులీ పోతుంది, మనిషీ పోతాడు. సోలార్ కంచె వేరు, అది సెకనుకోసారి లిప్తపాటు షాకు కొట్టి వదిలేస్తుంది. అయితే దాని తీగ కూడా బిగువుగా నిలబడాల్సిందే, దాని మూల కడీ కూడా వంగేదే.

కంచె ఎస్టిమేటు రాసేవాళ్లు తీగ, కడీలు, సిమెంటు, కూలి అని నాలుగు వరసలు వేస్తారు. అయిదో వరస ఒకటి వేసుకోవాలని నా సలహా. రెండో దారిలో ప్రతి మూలకూ రెండు దిక్కులా ఒక్కో కడీ, ఒక్కో దూలం అదనం. నాలుగు మూలలకు ఎనిమిది కడీలు, ఎనిమిది దూలాలు. పొరుగువాళ్లతో మాటల్లేకుండా బతకడానికి అయ్యే ఖర్చు సరిగ్గా అంత. భరించగలవాళ్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. నాలాంటివాళ్లు మాత్రం తీగ కొనబోయే ముందు పక్క చేను పెద్దాయన ఇంటికి వెళ్లి, ఆయన ఇచ్చే చాయ్ తాగి రావడం నయం.