ముత్తాత ఏ పహాణీలో ఉన్నాడు?

ములకలపల్లి మండలంలో వంశవృక్షం రాయించుకోవడానికి కోయ కుటుంబం వస్తే నేను ముందు తాత పేరు అడగను, గట్టు, అంటే ఆ ఇంటిపేరు ఏ గోత్రపు గుంపులోదో, అడుగుతాను. మూడో గట్టా, ఐదో గట్టా, ఏడో గట్టా అన్నది తేలితే ఆ ఇంటిపేరుకు అన్నదమ్ముల వరస ఎవరో, పిల్లనిచ్చి పుచ్చుకునే వరస ఎవరో తెలిసిపోతుంది. ఒకే గట్టులో పెళ్లి చెయ్యరు. పటంలో మొగుడూ పెళ్లాం ఒకే గట్టు వాళ్లుగా తేలారంటే ఎక్కడో ఓ పేరు తప్పు చదివామన్నమాట.

ఇది సరదాకి చేసే పని కాదు. దీని వెనక పోడు భూమి ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2008లో అమల్లోకి వచ్చిన నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి చెబుతుంది. సర్కారు కాగితాలే కాదు, పాత బావి, శ్మశానం, దేవత ఉన్న చోటు, పాత రికార్డులో ఉన్న మనిషి దాకా కలిపే వంశవృక్షం, దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ సాక్ష్యాలే. గిరిజనులైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ ఆ భూమి తమ చేతిలో ఉందని చూపాలి. గిరిజనేతరులు ఆ తేదీకి వెనక మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అడవిని నమ్ముకుని బతికినట్టు చూపాలి. లెక్క 1930కి, అంటే నిజాం కాలానికి పోతుంది.

మాకు కాలు ఆనేది 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు దగ్గర. అంతకు వెనక సేత్వార్ లాంటి భూమి రికార్డులన్నీ ఉర్దూ. సంవత్సరం ఫస్లీలో ఉంటుంది, 590 కలుపుకోవాలి. నెలలు ఆజుర్, దై, బహమన్ అని నడుస్తాయి. నాకు ఆ లిపి నేర్పింది పదవీ విరమణ చేసిన ఒక ముహర్రిర్, అంటే రాతగుమాస్తా. అక్షరాలు వచ్చినంత మాత్రాన పేర్లు రావని ఆయన మొదటి రోజే చెప్పాడు. కాఫ్‌కూ గాఫ్‌కూ తేడా ఒక్క గీత. రాసిన చెయ్యి తొందరపడి ఆ గీత వదిలేస్తే గ కాస్తా క అవుతుంది. దాల్ మీద చిన్న గుర్తు పడకపోతే సోడి వారు సోది వారవుతారు, మడకం మదకమవుతుంది. హ్రస్వాలు మామూలుగా రాయనే రాయరు. ముత్తడో మిత్తడో తేల్చాల్సింది ఊళ్లో ముసలివాళ్లే. పైగా తాత పేరు మనవడికి పెట్టడంతో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. అందుకే పేరొక్కటే చూడను, తండ్రి పేరుతో జతగా చూస్తాను.

పోలీసు చర్య తర్వాత మా అడవి పల్లెల్లో చాలావాటిని ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టారు. తిరిగొచ్చినవాళ్లలో కొందరు పాత గూడేనికి పోలేదు. ఇలా రికార్డులో తెగిపోయినచోట నాకు దారి చూపేవాళ్లు డోలీలు. ఇలవేల్పు కొలుపులో పడిగె అనే బొమ్మల జెండా పట్టి, డోలు మీద ఆ వంశం కథ ఎత్తుకుంటారు. వాళ్లు చెప్పేది ప్రతి రైతు పేరూ కాదు. వేల్పు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో చెబుతారు. ఏ ఊరి పహాణీ తియ్యాలో నాకు అక్కడ దొరుకుతుంది. మణుగూరు మండలం కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఆ విద్య పట్టుకున్నవాళ్లు ఇప్పుడు కొద్దిమందే. ఒక్కరు పోయినా ఎన్నో ఇళ్ల పూర్వీకం వాళ్లతోనే పోతుంది. ఇది తల్చుకుంటే నాకు దిగులు.

శ్మశానానికి పంటలు ఇంటికొచ్చాక, ఎండ ముదరకముందు పోతాం. రాళ్ల మీద అక్షరాలుండవు. పెద్దమనిషి కర్రతో పొదలు తప్పించి చూపిస్తాడు. ఏ సంవత్సరమని అడిగితే జవాబు రాదు. “తాతా, గోదారి పెద్ద వరదకు ముందా, తర్వాతా?” అని అడగాలి. 1953 ఒక గుర్తు, భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన 1986 ఇంకో గుర్తు. ఓ కుటుంబానికి ఖాస్రాలో తాత తండ్రి పేరు ఒకటుంది, బడి రిజిస్టరులో ఇంకొకటుంది. ఆఫీసులో ఫైలు వెనక్కి పంపారు. శ్మశానంలో పెద్ద రాయికి ఆనించి మోకాలెత్తు రాయి ఒకటి కనపడింది. ఎవరిదంటే, “మా పెదనాయన బిడ్డదయ్యా, పాము కరిచి పోయింది. ఆయనకింక పిల్లల్లేరు, తమ్ముడి కొడుకును పెంచుకున్నాడు” అన్నాడా పెద్దమనిషి. ఆ పెంచుకున్న కొడుకే ఈ కుటుంబం తాత. అంటే రెండు పేర్లూ నిజమే, ఒకరు కన్నతండ్రి, ఒకరు పెంచినతండ్రి. ఇద్దరు పెద్దల వాంగ్మూలం రాసి, రాళ్ల ఫొటో జతచేసి, గ్రామసభలో చదివించాం.

పినపాక మండలం జానంపేట రాకాసి గుళ్లు మా వాళ్లవేనా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. అవి ఇనుప యుగపు సమాధులు. వాటికీ నేటి ఇంటిపేర్లకూ ముడివేసే ఆధారం లేదు కనుక పటంలో ఎక్కించను.

ఆడవాళ్ల పేర్లు మాత్రం ఎక్కిస్తాను. పహాణీలో వాళ్లు దాదాపు కనిపించరు. ప్రతి కోడలి పుట్టింటి ఊరు, గట్టు అడిగి రాస్తాను. దరఖాస్తుకు అక్కర్లేదంటారు కొందరు. నాకు అక్కరే. తల్లి వైపు ఊరు తెలిస్తేనే తండ్రి వైపు కథ నిలబడిన సందర్భాలు చాలా చూశాను.

ఆ పుట్టిళ్లు ఎన్నో కుక్కునూరు, వేలేరుపాడుల్లో ఉన్నాయి. 2014లో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి, ఇప్పుడు ఏలూరు జిల్లా. గోదావరి అవతలి ఒడ్డున భద్రాచలం తాలూకా ముందు మద్రాసు రాజ్యంలో, 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది. ఒక్క ఇంటి కాగితాలకు మూడు చోట్ల తిరగాలి. అంతకంటే తొందర పెట్టేది పోలవరం ప్రాజెక్టు నీళ్లు. 2022 జులై వరదకే ఆ ఊళ్లు మునిగాయి. పునరావాసానికి పోతున్నవాళ్లు ఇల్లు, చెట్టు లెక్క రాయించుకుంటున్నారు, సమాధి రాళ్ల లెక్క అడిగేవాళ్లు లేరు. అందుకే ఈ వేసవి ములకలపల్లి పనులు పక్కనపెట్టి అక్కడి శ్మశానాలకు పోతున్నాను. ఒక్కో రాయి దగ్గర పెద్దవాళ్లను నిలబెట్టి పేరు చెప్పించి, ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టి, ఒక ప్రతి ఆ ఇంటికి, ఒకటి ఇక్కడి అల్లుడింటికి ఇస్తాను.