రాగి గొట్టానికి సంధికార్యం



ముప్పయి ఆరేళ్లు బడిపిల్లలకు సంధులు బోధించినవాణ్ణి. ఉత్వసంధి, యడాగమం, గసడదవాదేశం – పదానికీ పదానికీ అతుకు ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కాని లోహానికీ లోహానికీ అతుకు ఎలా పడుతుందో అరవై దాటిన తరువాత, పరాయి దేశంలో, ఒక నేలమాళిగలో తడిగుడ్డ పట్టుకుని నిలబడి నేర్చుకున్నాను. నేర్పినవాడు నా కుమారుడు. వాడికి నేర్పినవాడు ఎవరో నాకు ఆనాటి వరకు తెలియదు. ఆ సంగతి చివర చెబుతాను. ముందు పని సంగతి చెప్పనివ్వండి.

2024 జనవరిలో నేనూ, మా ఆవిడా న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట ఉన్నాము. 1978లో కట్టిన ఇల్లు అది. మన వైపు ఇళ్లలో ఒకప్పుడు మరలు తిప్పి బిగించే ఇనుప గొట్టాలుండేవి, ఇప్పుడు జిగురుతో అతికే ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. అక్కడి పాత ఇళ్లలో మాత్రం కుళాయి నీళ్లు ఎక్కువగా రాగి గొట్టాలలోనే ప్రవహిస్తాయి. ఆ వారం చలి ఎముకలు కొరికింది. ఒక తెల్లవారుజామున కోడలు వచ్చి, "మామయ్యగారూ, కింద నీళ్ల చప్పుడవుతోంది" అంది. దిగి చూస్తే, బయటి గోడ వెంట పోయే అర అంగుళం గొట్టం నిలువునా జాన పొడవున చీలి ఉంది. నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు గొట్టం ఓర్వలేదు. విచిత్రమేమంటే, గడ్డకట్టినప్పుడు ఏమీ తెలియదు. మంచు కరిగాకనే పగులు బయటపడుతుంది.

పనివాడికి ఫోను చేస్తే మూడు రోజుల దాకా రాలేనన్నాడు. ఇంట్లో నాలుగేళ్ల మనుమరాలు, నీళ్లు లేవు. మా అబ్బాయి గరాజులోంచి ఒక ఇనుప పెట్టె తెచ్చాడు. "నీకెందుకురా ఈ పని? కంప్యూటరు ముందు కూర్చునేవాడివి, చేయి కాల్చుకుంటావు" అన్నాను. వాడు నవ్వి, "నాన్నగారూ, మీరు తడిగుడ్డ పట్టుకుని నిలబడండి, చాలు" అన్నాడు.

వాడు చేసినది చేసినట్టు, అడిగితే వాడు చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను. ఆ దేశాలలో ఉన్న మన పిల్లలకెవరికైనా పనికిరావచ్చు. ఇంటి యజమాని ఏ మేరకు సొంతంగా చేసుకోవచ్చునో ఊరూరికీ నియమాలు మారుతాయి గనుక ముందు అది కనుక్కోవాలి. వంటగ్యాసు గొట్టాల జోలికి మాత్రం ఎన్నడూ పోరాదు.

మొదటి పని నీరు కట్టివేయడం. పెద్ద వాల్వు మూసి, ఇంట్లో అన్నిటికంటే కింది కుళాయి, అన్నిటికంటే పైకుళాయి రెండూ తెరిచాడు. పైనుంచి గాలి వస్తేనే కిందినుంచి నీరు పూర్తిగా దిగుతుంది. గొట్టంలో చుక్క నీరున్నా అతుకు పడదు. మంట వేడి అంతా ఆ నీరు కాగడానికే పోతుంది, లేచిన ఆవిరి కరిగిన లోహంలో సూదిబెజ్జాలు చేస్తుంది. వాల్వు పాతది గనుక ఎంత బిగించినా సన్నగా చెమ్మ వస్తూనే ఉంది. అప్పుడు వాడు వంటింట్లోంచి తెల్ల రొట్టెముక్క తెప్పించి, పైపొర తీసేసి, మెత్తని భాగాన్ని ఉండచేసి గొట్టంలోకి తోశాడు. పని ముగిసేదాకా ఆ రొట్టె నీటిని పీల్చుకుంటుంది, తరువాత నీరు వదిలితే కరిగి కొట్టుకుపోతుంది. అన్నం పరబ్రహ్మస్వరూపమని నమ్మిన మా ఆవిడ ఆ దృశ్యం చూడలేక మేడ మీదికి వెళ్లిపోయింది.

రెండవది కోత. రంపం కాదు, చిన్న చక్రమున్న కట్టరు వాడాలి. గొట్టం చుట్టూ తిప్పుతూ, చుట్టు చుట్టుకూ కొద్దికొద్దిగా బిగిస్తూ పోవాలి. తొందరపడి బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి గుండ్రన తప్పుతుంది. కోసిన తరువాత లోపలి అంచున మిగిలే గరుకు తప్పక గీకివేయాలి. అది ఉంటే నీరు సుడులు తిరిగి కొన్నేళ్లకు ఆ చోటునే గొట్టాన్ని తినివేస్తుంది.

కొలతలో ఒక మర్మమున్నది. అర అంగుళం గొట్టమనేది పేరుకే. దాని వెలుపలి వ్యాసం అంగుళంలో అయిదు ఎనిమిదవ వంతులు. ఏ కొలతకైనా పేరుకన్న వెలుపలి వ్యాసం అంగుళంలో ఎనిమిదవ వంతు ఎక్కువే. వెలుపలి కొలత ఒకటే అయినా మందంలో మూడు రకాలు: ఆకుపచ్చ అక్షరాలున్నది కె, నీలి అక్షరాలున్నది ఎల్, ఎర్ర అక్షరాలున్నది ఎమ్. కె అన్నిటికంటే మందం, ఎమ్ అన్నిటికంటే పలుచన. మావాడు ఎల్ తెచ్చాడు.

మూడవది శుద్ధి. ఉప్పుకాగితంతో గొట్టం కొనను కొత్త రాగి మెరిసేవరకు రుద్దాడు. కప్లింగు లోపలి భాగాన్ని తీగల బ్రష్షుతో తోమాడు. తోమిన చోట మళ్లీ వేలు తగలనీయరాదు. చేతి జిడ్డు చాలు, అతుకు చెడడానికి. వెంటనే రెండింటికీ ఫ్లక్సు అనే లేపనం పలుచగా పూశాడు. వేడికి రాగి మీద మళ్లీ మసి పొర కట్టకుండా కాపాడేది అదే. మన కంసాలులు వెలిగారం వాడేదీ, కళాయివారు నవాసాగరం చల్లేదీ ఈ పనికే. మధ్యలో ఆపు లేని కప్లింగులు రెండు తెచ్చి, ఎంత లోతు దూరాలో గొట్టం మీద ముందే గీత పెట్టుకుని, కొత్త ముక్కను నడుమ నిలిపి, కప్లింగులను అటూ ఇటూ జరిపి సరిచేశాడు.

నాలుగవది అగ్నికార్యం. వెనుకనున్న కొయ్య దూలానికి మంట సోకకుండా రేకు అడ్డం పెట్టాడు. పక్కనే బకెట్టు నీళ్లు, నిప్పునార్పే సిలిండరు, నా చేతిలో తడిగుడ్డ. కళ్లకు అద్దాలు పెట్టుకుని, పొగ పోవడానికి కిటికీ తెరిచి, టార్చి వెలిగించాడు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగింది. సోల్డరు తీగను మంటలో పెట్టి కరిగించి బొట్లుబొట్లుగా పోస్తాడనుకున్నాను. వాడు ఆ పని చేయలేదు. ముందు గొట్టానికి కొద్దిగా వేడి సోకించి, తరువాత మంటను కప్లింగు మీదికి మార్చి, అటూ ఇటూ కదిలిస్తూ ఉన్నాడు. లేపనం చిటపటలాడి సద్దుమణిగాక, మంట ఒక పక్కనుండగా తీగను దానికి ఎదుటి పక్కన అతుకుకు ఆనించాడు. తీగ కరిగింది. కరిగి కింద పడలేదు. వెండిగీతలా అతుకు చుట్టూ పరుగెత్తి లోపలికి ఇంకిపోయింది! దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు, సన్నని సందు ద్రవాన్ని తనలోకి లాగుకుంటుంది. అందుకే అతుకు పైకి తిరిగి ఉన్నా, కిందికి తిరిగి ఉన్నా పడుతుంది. అర అంగుళం అతుకుకు అర అంగుళం పైచిలుకు తీగ చాలు. ఎక్కువ పెడితే లోపల ముద్దగా మిగులుతుంది. వేడి మితిమీరితే లేపనం మాడి నల్లబడుతుంది, ఇక లోహం పారదు. అప్పుడు విప్పి మళ్లీ మొదటినుంచి తోముకోవలసిందే.

అతుకు పడ్డాక చల్లారేదాకా కదపరాదు, నీళ్లు పోసి చల్లార్చరాదు. తరువాత తడిగుడ్డతో తుడవాలి. మిగిలిన లేపనం కాలక్రమాన రాగిని చిలుము పట్టిస్తుంది. పని ముగిసినా అరగంట అక్కడే కాచుకుని ఉండాలి. గోడలో దాగిన నిప్పురవ్వ ఆలస్యంగా లేస్తుంది. చివరకు కుళాయి మూతిజల్లెడ విప్పి నీరు ధారగా వదలాలి. రొట్టె, లేపనం, రజను అన్నీ పోతాయి.

సీసం సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. నాకు తెలిసిన సీసం, కింద తేటగీతియో ఆటవెలదియో ఉండే పద్యమే. వీరి సీసం వేరు. నీటిగొట్టాల పనివాడికి ఇంగ్లీషులో వాడే ప్లంబర్ అనే మాటే సీసానికి లాటిన్ పేరైన ప్లుంబం నుంచి వచ్చింది. పూర్వం తగరం, సీసం సగపాళ్లుగా కలిపి ఈ అతుకులు వేసేవారు. సీసం పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది గనుక, అమెరికాలో 1986లో చట్టం సవరించి, తాగునీటి గొట్టాల సోల్డరులో సీసం 0.2 శాతానికి మించరాదన్నారు. మా అబ్బాయి వాడినది 95 పాళ్లు తగరం, 5 పాళ్లు ఆంటిమొని. అది 235 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో కరుగుతుంది. ఆ ఇల్లు చట్టానికి ముందుది గనుక, పాత అతుకులలో సీసం ఉండవచ్చునని మనుమరాలి కోసం నీటిని పరీక్షకు పంపారు. అటువంటి ఇళ్లలో ఉన్నవారు వంటకూ తాగడానికీ చన్నీళ్ల కుళాయే వాడాలి, ఉదయం కొంతసేపు నీరు వదిలిన తరువాత పట్టుకోవాలి. మరగకాచితే సీసం పోతుందనుకోవడం పొరపాటు.

రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. కాబట్టి ఈ పనిలో గొట్టం కరగదు, కప్లింగు కరగదు. రెండింటి రూపమూ చెడకుండా మూడవది వచ్చి నడుమ నిలుస్తుంది. ఆదేశం శత్రువు వంటిది, ఉన్నదాన్ని వెళ్లగొట్టి కూర్చుంటుంది; ఆగమం మిత్రుని వంటిది, వచ్చి పక్కన చేరుతుంది అని వైయాకరణులంటారు. ఇది ఆగమమే సుమా అనుకున్నాను. ఆ మాటే మావాడితో అంటే, తల ఎత్తకుండానే, "మంట వస్తువుకు పెట్టాలి నాన్నగారూ, మాటుకు కాదు. వస్తువు వేడెక్కితే మాటు తనంతట తానే వస్తుంది" అన్నాడు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావురా? వీడియోలు చూసా?" అన్నాను.

కొంచెం ఆగి చెప్పాడు. "మన ఊళ్లో కళాయి వేసే ఆయన దగ్గర. మీకు గుర్తుండే ఉంటుంది."

గుర్తున్నది. 1998. నేను గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పండితుణ్ణి. ఏటా ఒక మనిషి వచ్చి రావిచెట్టు కింద చిన్న గొయ్యి తీసి, తిత్తి అమర్చి, ఇత్తడి గిన్నెలకు కళాయి, చిల్లుపడ్డ బిందెలకు మాట్లు వేసేవాడు. కళాయి పోయిన ఇత్తడిలో పులుసు కాస్తే చిలుము చేదు దిగుతుంది గనుక ఊరందరికీ ఆయనతో పనే. త్రైమాసిక పరీక్షల ముందురోజు ఇంటికి వస్తే మావాడు లేడు. వెదుక్కుంటూ వెళ్లాను. వాడు తిత్తి దగ్గర కూర్చుని, మసి చేతులతో, మా అమ్మ చెంబు అడుగున స్వయంగా మాటు వేస్తున్నాడు. ఆయన పక్కనుండి చూపిస్తున్నాడు. నేను అందరి ఎదుట కొడుకును కొట్టాను. అంతటితో ఆగితే బాగుండేది. "అక్షరం ముక్క రానివాడి దగ్గర నీకేం పాఠాలురా?" అని, ఆయన వినేలాగానే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చెంబు నీళ్లలో ముంచి, తుడిచి, నా చేతికిచ్చాడు. డబ్బు ఇవ్వబోతే, "పిల్లోడు ఏసిన మాటు పంతులుగారూ, నాకెందుకు?" అన్నాడు. తరువాత స్టీలు గిన్నెలు వచ్చాయి. ఆయన రావడం మానేశాడు. నేను క్షమాపణ చెప్పలేదు.

ఆ నేలమాళిగలో నాకు మాట రాలేదు. చివరికి, "ఆయన పేరేమిటిరా?" అన్నాను. వేలమంది పిల్లల హాజరు పిలిచినవాణ్ణి, ఏటా మా వాకిటి ముందు కూర్చున్న మనిషి పేరు అడగలేదు. మావాడు చెప్పాడు. ఇరవై ఆరేళ్లుగా వాడికి గుర్తున్నది. ఆ పేరు ఇక్కడ రాయను. ఇకమీదట మరువను.

"అప్పుడు నేను తప్పు చేశాను నాయనా" అన్నాను. వాడు వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "వాల్వు మీరే తిప్పండి" అన్నాడు. తిప్పాను. గొట్టం ఒక్కసారి గుర్రుమంది. ఇద్దరమూ అతుకుల కింద పొడి కాగితం పరిచి, దాని మీద చుక్క పడుతుందేమోనని చూస్తూ అరగంట కూర్చున్నాము. కాగితం పొడిగానే ఉంది.

ఇక్కడ ఇంటికి వచ్చాక ఆ చెంబు సంగతి మా ఆవిడనడిగాను. తులసికోటకు నీళ్లు పోసేది ఆ చెంబుతోనేనట. రోజూ నా కళ్లముందే ఉన్నది. బోర్లించి చూశాను. మాటు కొంచెం వంకరగా ఉంది. కారడం లేదు.

స్వస్తి.