మలిసంధ్యలో ఆసరా

కొబ్బరిచెట్టు ఇంటికి పెద్దకొడుకు అని కోనసీమ ప్రజలు చెప్పుకొంటారు. గౌతమీ వసిష్ఠ పాయల నడుమ ఒదిగిన ఆ సీమలో ఈ మాట అక్షరసత్యం. వేళకు కాయలిచ్చి కుటుంబాన్ని పోషించే ఆ చెట్టు ఎన్నడూ ఊరు విడిచి వెళ్ళదు. కన్నకొడుకులకు మాత్రం వెళ్ళక తప్పడం లేదు. చదువులు కొందరిని హైదరాబాదుకు, అమెరికాకు తీసుకొనిపోగా, బతుకుతెరువు మరికొందరిని గల్ఫ్ దేశాలకు తరలించింది. వెనుక మిగిలినవారు వృద్ధులైన తల్లిదండ్రులు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై యేళ్ళు నిండినవారి సంఖ్య 10 కోట్లు దాటింది. పెద్దకొడుకు వంటి చెట్టు కడుపు నింపగలదు గాని, అర్ధరాత్రి దాహమంటే గుక్కెడు నీళ్ళు అందించలేదు కదా!

రాజోలు ప్రాంతంలోని ఒక పల్లెలో ఎనభై యేళ్ళ వృద్ధురాలు ఒంటరిగా నివసించేది. ఒకనాడు పెరటిలో జారిపడగా ఆమె తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగినా మునుపటి నడక తిరిగి రాలేదు. కుమారుడు కువైట్‌లోను, కుమార్తె హైదరాబాదులోను ఉన్నారు. పుట్టి పెరిగిన సీమను విడిచి రావడానికి ఆ తల్లి అంగీకరించలేదు. చివరకు అమలాపురం పరిసరాల్లోని ఏదైనా వృద్ధాశ్రమంలో చేర్చాలని అన్నాచెల్లెళ్ళు నిశ్చయించుకొన్నారు. ఆశ్రమం చూడబోతున్న కుమార్తెను తల్లి ఒకే ఒక మాట అడిగింది.

“అమ్మాయీ! అక్కడ మనిషిని వరసపెట్టి పిలుస్తారా, మంచం నంబరు పెట్టి పిలుస్తారా? అది కనుక్కొని రా.”

మొదట చూసిన ఆశ్రమం కనులపండువుగా ఉంది. చలువరాతి నేల, పూలకుండీలు, గోడపై దాతల పేర్లు. నిర్వాహకుడు భోజన పట్టికను చూపించి ఆదరంగా మాట్లాడాడు. కుమార్తె సంతృప్తి చెందింది. కాని, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించిన ఆమె పిన్ని ఆ మాట విని నవ్వింది. “పెళ్ళిచూపులకు ముస్తాబైన ఇంటిని చూస్తే ఏం తెలుస్తుందే? రాత్రి భోజనాల వేళ చెప్పకుండా వెళదాం పద” అన్నది.

మరునాటి సాయంత్రం అసలు రూపం కనిపించింది. చేయి వణికి ముద్ద కలుపుకోలేనివారి ముందు నుండి కంచాలు నిండుగానే తిరిగి వెళ్ళాయి. మంచినీళ్ళ గ్లాసులు మంచానికి అందనంత దూరంలో ఉన్నాయి. పడిపోతాడేమోనని ఒక వృద్ధుణ్ణి తువ్వాలుతో కుర్చీకి కట్టారు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఊతకమ్మీ లేదు. “ఏడో నంబరుకు మందు ఇచ్చావా?” అని ఎవరో కేక వేశారు. కుమార్తె కన్నులు చెమర్చాయి.

మంచం పట్టినవారి వీపు, మడమలు పరిశీలిస్తే సేవ ఎటువంటిదో తెలుస్తుందని పిన్ని వివరించింది. ఒకే వైపు పడుకొన్నచోట రక్తప్రసరణ తగ్గి చర్మం పుండుపడుతుంది. వేళ తప్పకుండా పక్కకు తిప్పి పడుకోబెడితే చాలావరకు దానిని నివారించవచ్చు. ఒరుపుపుండు సాధారణంగా రోగం చేసిన తప్పు కాదని, పరిచర్యలోని లోపమని ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే తన గ్రంథంలో హెచ్చరించింది.

రెండవది పాత పెంకుటిల్లు. చలువరాళ్ళు లేవు. దోమతెరలకు అతుకులున్నాయి. వైద్యుడు వారానికొకసారే వస్తాడని నిర్వాహకురాలు దాచకుండా చెప్పింది. రాత్రివేళ ప్రాణం మీదికి వస్తే ఏ వాహనంలో ఏ ఆసుపత్రికి తీసుకొనిపోతారో కూడా వివరించింది. నెలనెలా తూచిన బరువులు, ఇచ్చిన మందులు, పక్క తిప్పిన వేళలు పుస్తకంలో నమోదై ఉన్నాయి. ఒక ఆయా ఓపికగా తినిపిస్తూ, “ఇంకొక్క ముద్ద, మామ్మగారూ!” అని బతిమాలుతున్నది. కుమార్తెకు తల్లి ప్రశ్నకు సమాధానం దొరికింది.

వృద్ధుల రక్షణకు చట్టం కూడా అండగా ఉన్నది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరాదరణకు గురైనవారు రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. పోషిస్తామన్న షరతుపై ఆస్తి రాయించుకొని మాట తప్పితే, ఆ బదిలీని రద్దు చేసే అవకాశం ఉంది. 14567 నంబరుకు ఫోను చేసి సహాయం కోరవచ్చు. అయితే చట్టం అన్నం పెట్టించగలదు గాని, ఆప్యాయతను వడ్డించలేదు.

తల్లి ఆ పెంకుటింటిలో చేరింది. అంతటితో తన బాధ్యత తీరిందని కుమార్తె భావించలేదు. నెలకొకసారి, ముందుగా చెప్పకుండా, ఏదో ఒక వేళకు వచ్చి తల్లి పక్కన కూర్చొంటుంది. గ్లాసు చేతికి అందుతున్నదా అని చూస్తుంది. బరువుల పుస్తకం తిరగవేస్తుంది. ఆ రాకపోకలు తల్లికి ఓదార్పు, ఆశ్రమానికి మెలకువ. వృద్ధులను మంచిచోట చేర్చడం సగం ధర్మం. చేర్చిన తరువాత మరచిపోకుండా ఉండడం మిగిలిన సగం.