అడిక్‌మెట్ గల్లీలో ఆరు మీటర్ల తాడు

కళ్ల సర్వే చేసేవాళ్లకు మొట్టమొదట కావలసింది ఆరు మీటర్ల ఖాళీ జాగా. అడిక్‌మెట్‌లో దొరకనిది అదే. విద్యానగర్ స్టేషన్ వైపు నుంచి గల్లీలోకి మళ్లితే ప్రతి ఇంటి ముందూ బండి, బండి పక్కన నీళ్ల డ్రమ్ము, ఆ పైన ఆరేసిన బట్టలు. ఒకప్పుడు అడిక్‌మెట్ అంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టడానికి ఎంచుకున్న జాగా. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ ముందు ఇప్పటికీ కావలసినంత మైదానం ఉంది. ఇటువైపు గల్లీలో మాత్రం మనిషిని కూర్చోబెట్టి దూరపు చూపు కొలవడానికి చోటు వెతుక్కోవాలి.

నేను వెంట వెళ్లిన బృందంలోని ఆప్టోమెట్రిస్ట్ అమ్మాయి సంచిలోంచి కొలతతాడు తీసి ఒక కొస ఒక ఇంటి గేటుకు కట్టింది. రెండో కొస అందిన చోట కుర్చీ వేయించింది. గేటుకు తగిలించిన అట్ట మీద ఇంగ్లిషు ‘ఇ’ అక్షరం రకరకాలుగా తిరిగి ఉంటుంది. చదువు రాకపోయినా ఫర్వాలేదు, దాని కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. మధ్యలో ఆటో వచ్చినప్పుడల్లా తాడు నేలమీద పడేయడం, అది పోయాక మళ్లీ పైకెత్తడం.

కుర్చీలో కూర్చున్న ముసలమ్మ తీర్పు ముందే చెప్పేసింది. “నాకేం గాలే బిడ్డా. టీవీ చూస్త, బియ్యంల రాళ్లేరుత. మా కోడలికి చూడు, రోజూ నెత్తినొస్తుందంటది.”

“కోడలికీ చూస్త అమ్మమ్మా. ముందుగాల నువ్వు” అంటూ ఆ అమ్మాయి కుడికన్ను మూయమంది. అమ్మమ్మ వేళ్ల సందులోంచి చూడబోతే నల్ల అట్ట అడ్డం పెట్టింది. ఎడమకంటికి అన్నిటికంటే పెద్ద అక్షరం కూడా ఆనలేదు. “గిదేంది, గింత మసకెప్పుడొచ్చింది?” అంది ముసలమ్మ. ఎప్పుడో వచ్చి ఉంటుంది. కుడికన్ను పని నడిపిస్తుంటే ఎడమకన్ను పోయిన సంగతి తెలియలేదు. తర్వాత సన్న బెజ్జాలున్న చిన్న పలకలోంచి చూపించారు. దాంతో చూపు మెరుగైతే అద్దాలతో సరిపోతుంది. కాకపోతే వేరే కారణం వెతకాలి. మెరుగు కాలేదు. టార్చి వేస్తే కంటిపాప తెల్లగా ఉంది. పక్కింటామె “మోతీబిందు” అనేసింది. అదే నిజం, శుక్లం. ఆపరేషన్‌తో పోయే గుడ్డితనం అది.

ఆ తర్వాత వరసగా మూడు తలుపులకు తాళాలు. ఒకటి కూలిపనికి వెళ్లిన కుటుంబానిది, ఒకటి విద్యార్థుల గది, మూడోది ఎవరిదో పక్కవాళ్లకూ తెలియదు. తాళం ఉన్న ఇంటి బదులు పక్కింటివాళ్లను రాసేసుకోకూడదా అని అడిగాను. “అట్ల రాస్తే లెక్క తప్పయితది సార్. ఇంట్ల ఉన్నోళ్ల కండ్లు వేరు, పనికి పోయినోళ్ల కండ్లు వేరు” అంది. ఆదివారం మళ్లీ రావాలని నోట్‌బుక్కులో గుర్తు పెట్టుకుంది. ఈ ఒక్క నియమంలోనే సర్వే విలువంతా ఉందని నాకనిపించింది. శిబిరం వచ్చినవాళ్లను చూస్తుంది. సర్వే రానివాళ్ల ఇంటికి వెళుతుంది.

హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. 1996–97లో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఈ నగరంలో ఇలాగే ఇల్లిల్లూ తిరిగింది. లలిత్ దండోనా, రాఖీ దండోనా, గుళ్లపల్లి నాగేశ్వరరావు తదితరుల ‘ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం’లో అది మొదటి అంచె. ఆర్థిక స్థితిని, మతాన్ని దృష్టిలో పెట్టుకుని నగరంలో 24 ప్రాంతాలు ఎంచుకున్నారు. పిల్లలు మొదలు ముసలివాళ్ల దాకా 2,522 మందిని, అంటే ఎంపికైనవారిలో 85 శాతానికి పైగా, పరీక్షించగలిగారు. ఇంటి దగ్గర పేర్లు రాసుకుని వాహనంలో పరీక్షకు తీసుకెళ్లారు. చుక్కలు వేసి కంటి వెనుక పొర దాకా చూశారు. కదలలేనివారి దగ్గరికి పరికరాలు మోసుకెళ్లారు.

తేలిన లెక్క: నగరంలో నూటికి ఒకరు అంధులు. రెండు కళ్లలో మెరుగైన దానితో, ఉన్న అద్దాలు పెట్టుకుని కూడా 6/60 చూపు లేనివారు, లేదా చూపు వైశాల్యం బాగా కుంచించుకుపోయినవారు అందులోకి వస్తారు. 6/60 అంటే మామూలు కంటికి అరవై మీటర్ల నుంచి ఆనేది ఆరు మీటర్ల దగ్గరికొస్తే గానీ ఆనకపోవడం. అయితే వైద్యలోకాన్ని ఆలోచింపజేసింది ఆ ఒక శాతం కాదు, దాని కారణాలు. దేశమంతా అంధత్వ నివారణ అంటే శుక్లం ఆపరేషనే అనుకుంటున్న కాలమది. ఇక్కడ శుక్లం వాటా మూడోవంతుకు లోపే. మిగతాది కంటి వెనుక పొర జబ్బులు, నల్లగుడ్డు మీద పువ్వులు, అద్దాలు లేకపోవడం, గ్లకోమా, చూపు నరం ఎండిపోవడం. శుక్లం మీదే దృష్టి పెట్టిన విధానం చాలుతుందా అని 1998లో లాన్సెట్ పత్రికలో సూటిగా అడిగారు. గ్లకోమా ఉన్నట్టు తేలినవారిలో అత్యధికులకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. వారిలో చాలామందికి కంటి ఒత్తిడి కొలిస్తే మామూలుగానే ఉంది. అంటే ఒత్తిడి కొలిచి పంపేసే శిబిరం వాళ్లను పట్టుకోలేదు.

తర్వాత ఆ అధ్యయనం ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి పల్లెలకు వెళ్లింది. మొత్తం 10,293 మందిని చూశారు. ఏళ్ల తర్వాత అదే మనుషులను వెతుక్కుంటూ పల్లెలకు మళ్లీ వెళ్లారు. నగరానికి మాత్రం ఆ రెండో చూపు దక్కలేదు. ఆనాటి బస్తీలూ ఆ మనుషులూ చెదిరిపోయిన ఊళ్లో అది ఎంత కష్టమో ఈ తాళాలు చూస్తే అర్థమవుతుంది. అయినా కష్టమని వదిలేయదగ్గ పని కాదది.

మధ్యాహ్నం తార్నాక వైపు నడిచాం. జామై ఉస్మానియాలో జాతీయ పోషకాహార సంస్థ ఆవరణ చెట్ల నీడతో చల్లగా ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన సంస్థ 1958లో ఇక్కడికొచ్చింది. రేచీకటితో మొదలై నల్లగుడ్డు కరిగిపోయి పసిపిల్లలు గుడ్డివాళ్లవుతున్న రోజుల్లో, సి. గోపాలన్ నాయకత్వంలో ఇక్కడివాళ్లు దానికి మందు వెతికారు. ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఏ నోట్లో పోస్తే చాలన్న పద్ధతి 1970లో జాతీయ కార్యక్రమమైంది. తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలున్న పిల్లలెందరో ఊరూరా చూసి లెక్కరాసినవాళ్లుండబట్టే అది సాధ్యమైంది. ఇక్కడి అంగన్‌వాడీల్లో ఆ తియ్యటి మందు తాగిన వాళ్లలో ఎందరికో అది తమ వీధి పక్కనే పుట్టిందని తెలియదు.

ఇలా అంటున్నానని తెలంగాణ ప్రభుత్వం నడిపిన ‘కంటి వెలుగు’ శిబిరాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలై, 2023 జనవరిలో ఖమ్మం నుంచి రెండోసారి సాగి, కోటిన్నర మందికి పైగా కళ్లు చూసిన పని అది. ఈ గల్లీలోనూ అద్దాలు పెట్టుకున్న ముసలివాళ్లు ఆ పేరు తలుచుకున్నారు. కానీ లైన్లో నిలబడలేని మనిషి ఆ లెక్కలోకి రాడు. హైదరాబాద్ వృద్ధాశ్రమాల్లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ చేసిన మరో సర్వేలో పదిమందిలో దాదాపు ముగ్గురికి చూపు లోపం కనిపించింది. అందులో ఎక్కువ భాగం శుక్లం, అద్దాల లోపం. రెండూ బాగుచేయగలిగినవే. కంటి వైద్యానికి దేశదేశాల్లో పేరున్న నగరంలో, ఆసుపత్రికి కొద్ది దూరంలోనే ఈ పరిస్థితి ఉంది.

1997 తర్వాత ఈ ఊరు ఎంతో పెరిగింది. షుగరు ఇంటింటికీ వచ్చింది, పిల్లల చేతికి ఫోన్లు వచ్చాయి. ఆనాటి సర్వే లెక్కతో ఇంకా పని నడపడం తప్పు. ప్రభుత్వం, జీహెచ్‌ఎంసీ, ఈ చుట్టుపక్కలే ఉన్న పరిశోధన సంస్థలు కలిసి నగరం మొత్తానికి కొత్త కంటి సర్వే చేయాలి. ఇంటికొచ్చి, తాళం ఉంటే మళ్లీ వచ్చి, చుక్కలు వేసి చూసే సర్వే. అది మీ గుమ్మం దాకా వస్తే తలుపు తీయండి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఆ పూట బండి తీయకండి, అంతే. అందాకా ఒక పని చేయండి: ఒక కన్ను మూసి రెండోదానితో, తర్వాత రెండోది మూసి మొదటిదానితో గోడమీది క్యాలెండర్ చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల చేతా చూపించండి. షుగరున్నవాళ్లు, నలభై దాటినవాళ్లు బాగానే కనబడుతోందని ఊరుకోకుండా కంటి వెనుక భాగం కూడా డాక్టరుకు చూపించుకోండి.