కాలిని అడగకుండా కొన్న బూట్లు

మా అమ్మ కుడికాలి చిటికెనవేలి పక్కన నల్లటి మచ్చ ఒకటుంది. అర్ధరూపాయి బిళ్లంత ఉంటుంది. కొబ్బరినూనె రాసినా, డాక్టర్ ఇచ్చిన క్రీము రాసినా పోలేదు. ఆ మచ్చ నా వల్ల పడింది. ప్రేమగా బూట్లు కొనిచ్చి పెట్టిన మచ్చ అది.

మాది ఉప్పుగూడ. స్టేషన్‌కి ఇంటి నుంచి నడిచే పోతాను. పొద్దున ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట దాటి కాచిగూడలో దిగుతాను. అక్కడ ఒక చిన్న ఆఫీసులో లెక్కలు రాసే పని. నలభై నాలుగో ఏట రక్తపరీక్ష చేయిస్తే షుగర్ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డానని తేలింది. అమ్మకైతే అప్పటికే పదిహేనేళ్ల షుగర్. ఇద్దరినీ రోజూ నడవమన్నారు.

తెల్లవారుజామున ఐదున్నరకు బయల్దేరేవాళ్లం. అమ్మ లాల్ దర్వాజ దాకా వచ్చి గుడి దగ్గర కూర్చునేది. నేను శాలిబండ మీదుగా చార్మినార్ దాకా పోయి తిరిగొచ్చేదాన్ని. ఆ దారిలో నేల ఒక్కతీరుగా ఉండదు. గల్లీలో సీసీ రోడ్డు. దాని మధ్యన పైపు కోసం తవ్వి కంకర పోసి వదిలేసిన పట్టీ. రోడ్డుకంటే బెత్తెడు ఎత్తున లేచిన మ్యాన్‌హోల్ మూత. చార్మినార్ చుట్టూ పరిచిన గ్రానైటు రాళ్లు వాన పడితే జారతాయి. ఇన్ని రకాల నేల మీద నేను రెండేళ్లు హవాయి చెప్పులతో నడిచాను. డబ్బు లేక కాదు. చీర మీద బూట్లేసుకుంటే గల్లీలో ఏమనుకుంటారోనని. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. పది అడుగులేశాక తగ్గేది. తగ్గింది కదా అని ఊరుకునేదాన్ని. ఆ నొప్పిని అంతకాలం మోసింది సిగ్గు వల్లే. ఇప్పుడు తలచుకుంటే నా కాలి మీద నాకే జాలేస్తుంది.

చివరికి ఒక ఆదివారం పత్తర్‌గట్టీ వైపు పోయి ఫుట్‌పాత్ మీద బూట్లు కొన్నాను. పెద్ద కంపెనీ గుర్తు వేసిన ఫస్ట్ కాపీ. పన్నెండు వందలు చెప్పాడు, ఆరు వందలకు ఇచ్చాడు. నా బుద్ధంతా బేరం మీదే ఉంది. బూటును బొటనవేలితో నొక్కితే సోలు స్పాంజిలా లోపలికి పోయింది. ఎంత మెత్తగా ఉందో అని మురిసిపోయాను. అట్టముక్క మీద నిలబడి, సాక్సు లేకుండా, ఒక్క కుడికాలికే వేసి చూశాను. నాలుగడుగులు కూడా నడవలేదు. పొద్దున పదకొండు గంటలప్పుడు.

అందులో ఎన్ని తప్పులున్నాయో అప్పుడు తెలియలేదు. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం బిగుస్తుంది. రెండు పాదాలూ ఒక్క కొలతలో ఉండవు, పెద్దదానికే కొనాలి. సాక్సు మందం కూడా లెక్కలోకి వస్తుంది. ఇక మెత్తదనం. మరీ మెత్తని ఫోము మన బరువుకు కొన్ని వారాల్లోనే అణిగిపోయి, తిరిగి లేవదు. రెండు నెలలకు నా బూట్ల మడమలు బయటివైపు వాలిపోయాయి. మూడో నెలలో ఎడమ బూటు ముందుభాగం నోరు తెరిచింది.

లాల్ దర్వాజ వైపు పోయే దారిలో చెప్పులు కుట్టే తాత ఒకాయన కూర్చుంటాడు. ఎదుట ఆరె, రంపె, మైనం పూసిన దారం, ఒక నీళ్ల డబ్బా. బూటిచ్చి కుట్టమన్నాను. ఆయన కుట్టలేదు. ముందు బూటును రెండు చేతుల్లో పట్టుకుని ముక్కునూ మడమనూ దగ్గరికి వంచాడు. అది సరిగ్గా నడుమ మడతపడింది.

"చూసినవా అక్కా, కాలు యాడ వంగుతదో బూటు ఆడనే వంగాలె. నీ కాలు నడుమ వంగుతదా? వేళ్ల మొదట్ల కదా వంగేది. గిది నడుమ ఇరుగుతున్నది. అందుకే నీ మడమ గుంజుతున్నది."

తరవాత బట్ట పిండినట్టు మెలితిప్పాడు. సులువుగా తిరిగిపోయింది. మడమ వెనక గోడను బొటనవేలితో నొక్కాడు. అట్టపెట్టె నొక్కినట్టు లోపలికి పోయింది. "గీడ గట్టిగుండాలె. గిదే కాలిని పట్టుకునేది," అన్నాడు. అంటించినవన్నీ చెడ్డవి కావని, ఇప్పుడు వచ్చే నడక బూట్లలో ఎక్కువ అంటించినవేనని, అయితే సోలు అంచున గమ్ము బయటికి కారి ఉంటే తొందరలో చేసిన పనని అర్థమని చెప్పాడు. ముక్కు దగ్గర ఒక వరుస కుట్టు కూడా ఉంటే ఎక్కువ కాలం ఉంటుందట. ఆ తరవాత నా హవాయి చెప్పులు విప్పమని, తిప్పి చూసి, మడమ బయటి అంచు అరిగిన చోట వేలు పెట్టాడు. "నీ నడక గిట్లుంటది. గీడ రబ్బరు గట్టిగున్నది తీస్కో." షాపుల్లో ఎవరూ చెప్పని పాఠం నాకు ఆ గోనెపట్టా మీద దొరికింది. అరవై రూపాయలు తీసుకుని ముక్కు కుట్టిచ్చాడు. ఆ బూట్లు ఇంకో నెల నడిచాయి.

లెక్కలు రాసే మనిషిని కాబట్టి లెక్క కట్టాను. కుట్టుకూలి పక్కన పెడితే ఆరు వందల బూట్లు మూడు నెలలు, అంటే నెలకు రెండు వందలు. తరవాత కొన్నవి పద్దెనిమిది వందలు, పద్నాలుగు నెలలు నడిచాయి. నెలకు నూట ముప్ఫైకి లోపే. చవక అనుకున్నదే ఖరీదైంది. ఒక మాట ఇక్కడే చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు చెప్పులకూ బూట్లకూ జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు వెయ్యి దాటితే 18 శాతం ఉండేది. పదిహేను వందలకూ రెండు వేలకూ మధ్య కొనేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. బిల్లు అడిగి తీసుకోండి.

ఇంకో తప్పు కూడా చేశాను, తొందరగా చెప్పేస్తాను. ఒకసారి సేల్‌లో రెండు వేల నాలుగు వందలు పెట్టి మంచివి కొని, అరిగిపోతాయని డబ్బాలో పెట్టి మంచం కింద దాచాను. మూడేళ్లకు తీసి వేసుకుంటే వీధి చివరకు పోకముందే సోలు పొడిపొడిగా రాలింది. ఆ సోలు పాలీయురేతేన్. గాలిలో తేమకు అది లోపల్లోపలే విరుగుతుంది. నడిస్తే కాలి ఒత్తిడి పడుతూ కొంత నిలుస్తుందట. వాడకుండా మూసిపెడితే ఇంకా తొందరగా పోతుంది. కొన్న బూట్లు వేసుకోవాలి.

ఇక అమ్మ సంగతి.

నాకు పద్దెనిమిది వందల బూట్లు కుదిరాక అమ్మకూ కొనాలనిపించింది. అమ్మ నాగర్‌కర్నూల్ వైపు పల్లెలో పుట్టింది. పెళ్లయ్యేదాకా చెప్పు ఎరగదు. చేలల్లో, గట్ల మీద నడిచిన కాలు. వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి, బొటనవేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆమె చెప్పుల నంబరు ఆరు. నేను ఆఫీసు నుంచి వస్తూ, అమ్మ లేకుండా, ఆరో నంబరు లేడీస్ వాకింగ్ షూ కొనుక్కొచ్చాను. గులాబీ రంగు, మొహం సన్నగా, ముద్దుగా ఉన్నాయి. లేసులు నేనే కట్టాను.

"ఎట్లున్నయమ్మా?"

"మంచిగున్నయి బిడ్డా. పట్టుకున్నట్టున్నయి."

పట్టుకున్నట్టున్నయి అన్న మాట నాకు వినపడలేదు. మంచిగున్నయి అన్నదే వినపడింది.

నాలుగో రోజు సాయంత్రం ఆమె నల్ల సాక్సు తీస్తుంటే వేలికి అతుక్కుని రాలేదు. లాగితే తడిగా వచ్చింది. నల్ల సాక్సు కాబట్టి రక్తం కనపడలేదు, నా చేతికంటితే తెలిసింది. చిటికెనవేలి పక్కన చర్మం లేచి ఎర్రగా గుంట పడింది. "నొప్పి లేదా అమ్మా?" అంటే అమ్మ ఆశ్చర్యంగా తన కాలినే చూసుకుంది. నొప్పి లేదు. నాలుగు రోజులుగా బూటు కరుస్తోంది, కరుస్తున్నట్టు కాలికి తెలియదు.

ఆసుపత్రిలో డాక్టర్ చేపల గాలపు తీగలాంటి సన్నని నైలాను పోగు తీసి, అమ్మను కళ్లు మూసుకోమని, అరికాలి మీద ఒక్కో చోట ఆనించాడు. పోగు వంగేదాకా నొక్కి "తెలుస్తుందా?" అని అడిగాడు. మడమ దగ్గర తెలిసింది. పాదం నడుమ తెలిసింది. వేళ్ల మొదట్లో నొక్కినప్పుడు అమ్మ కళ్లు మూసుకుని అలాగే కూర్చుంది. డాక్టర్ మళ్లీ నొక్కాడు. అమ్మ ఇంకా అడుగుతాడని ఎదురుచూస్తోంది. నేను గోడ వైపు తిరిగాను.

షుగర్ ఏళ్ల తరబడి ఉంటే కాలి నరాలు మొద్దుబారొచ్చు. నొప్పి అనే కాపలా పోతుంది. మామూలు కాలికి బూటు కరిస్తే మనమే విప్పి పారేస్తాం. ఆ కాలు విప్పమని చెప్పదు. రక్తం సరిగా అందక పుండు మానడమూ ఆలస్యమే, ముదిరితే వేలు తీసేయాల్సి వస్తుంది. అమ్మ అదృష్టం, ఏడు వారాలకు మానింది. రోజూ డ్రెస్సింగ్ నేనే చేశాను. ఆ ఏడు వారాలూ ఆ గులాబీ బూట్లు తలుపు వెనక ఉన్నాయి, పారేయడానికి చేయి రాలేదు.

పుండు మానాక ఒక సాయంత్రం అమ్మను పాత క్యాలెండరు వెనకవైపు నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్సిలు నిలువుగా పట్టి గీత గీశాను. గులాబీ బూటులోంచి లోపలి మెత్త తీసి ఆ బొమ్మ మీద పెట్టాను. పొడవు సరిపోయింది. వెడల్పులో చిటికెనవేలు దాదాపు సగం, బొటనవేలి ఎముక కొంత బయటే ఉన్నాయి. నాలుగు రోజులు ఆ పాదాన్ని నేను దాంట్లో కుక్కాను. కొనేముందు ఈ పని చేసి ఉంటే అయిదు నిమిషాలు పట్టేది.

నంబరంటే పొడవు ఒక్కటే. మన షాపుల్లో వాడే యూకే నంబర్లలో ఒక నంబరుకూ ఇంకో నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు. వెడల్పు ఎంతో పెట్టె మీద సాధారణంగా ఉండదు. ఇది మా అమ్మ ఒక్కదాని కష్టం కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షకు పైగా మనుషుల పాదాలు త్రీడీ యంత్రాలతో కొలిచింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాలకంటే వెడల్పని తేలింది. 'భ' అనే పేరుతో మన కొలతలు తయారు చేయాలన్న ప్రయత్నం అక్కణ్నుంచే మొదలైంది. అవి షాపుల్లో మామూలయ్యేదాకా పెన్సిలూ కాగితమే మన కొలత.

వెడల్పు చాలక ఒక నంబరు పెద్దది కొంటే పని జరగదు. పొడవు ఎక్కువై కాలు ముందుకు జారుతుంది, మడమ లేస్తుంది, అక్కడ బొబ్బ వస్తుంది. ఆడవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటుంది. మగవాళ్ల వరసలో అదే నంబరు అడగండి. సాధారణంగా ముందుభాగం వెడల్పుగా ఉంటుంది. నా పద్దెనిమిది వందల బూట్లు మగవాళ్లవే, బూడిద రంగు. షాపు అబ్బాయి "మేడం, ఇవి జెంట్స్‌వి" అని రెండుసార్లు చెప్పాడు. నేను నా పాదం చూపించాను. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉందో చూసుకుని, రెండు బూట్లకూ లేసులు కట్టి, షాపు బయటి మెట్లు దిగి ఎక్కి వచ్చాకే డబ్బు కట్టాను.

అమ్మకు బూట్లు కాదు, ఎంసీఆర్ అనే మెత్తని రబ్బరుతో, వెనక పట్టీతో, పైన మూడు చోట్ల అతికే పట్టీలతో ఉన్న చెప్పులు తీసుకున్నాం. ఈసారి అమ్మను వెంటబెట్టుకుని, సాయంత్రం ఆరు గంటలకు. పట్టీ వదులు చేస్తే ఎముక మీద ఒత్తిడి ఉండదు. సాక్సులు తెల్లవి, కుట్టు గట్టిగా లేనివి. ఏ మరక పడ్డా వెంటనే కనపడాలి. వేసుకునేముందు లోపల చేయి పెట్టి తడమడం అలవాటు చేశాను. మా గల్లీ కంకర రాయి ఒకటి రెండుసార్లు దొరికింది.

కష్టమంతా గుడి దగ్గరే. వట్టికాళ్లతో నడవకూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. లాల్ దర్వాజ సింహవాహిని అమ్మవారి బోనాలకు అమ్మ ఏ ఏడూ చెప్పులేసుకుని పోలేదు. ఆ ఆషాఢంలో ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి బోనం నా కూతురు ఎత్తుకుంది. అమ్మ చెప్పులతో గుడి ముందు దాకా నడిచి, వాటిని విప్పి, తెల్ల సాక్సులతోనే లోపలికి పోయి దండం పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక సాక్సులు తీసి ఇద్దరం చూసుకున్నాం. తెల్లగానే ఉన్నాయి, అరికాలి దగ్గర కొంచెం పసుపు, కుంకుమ.

మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఈ రాత్రి వాళ్ల సాక్సులు మీ చేత్తో తీసి పాదాలు చూడండి. వేళ్ల సందులు కూడా. నొప్పి లేదని వాళ్లు చెప్పినా సరే.