పూటకూళ్లయింటి పటములు

గతవేసవి సెలవులలో మా మేనల్లునింట కొన్నిదినములు గడపుటకై మేము సతీసమేతముగా ఇంగ్లండునకు పోయితిమి. ఒక మధ్యాహ్నమున అతడు మమ్మొక పల్లెటూరి పూటకూళ్లయింటికి గొనిపోయెను. ద్వారముపై వ్రేలాడు పలకమీద ఒక ఓకుచెట్టును, కొమ్మలనడుమ కిరీటమును చిత్రింపబడియున్నవి. ఆ యింటిపేరు 'రాయల్ ఓక్'. 1651లో వూస్టరు యుద్ధమున నోడిన రెండవ చార్లెసు బాస్కొబెల్ అడవిలో ఓకుచెట్టెక్కి దాగి ప్రాణము కాపాడుకొనెను. 1660లో రాజై తిరిగివచ్చెను. పిమ్మట ఆ చెట్టుపేరు ఆ దేశపు సత్రములకెన్నిటికో పేరైనది. దాగినచోటు సయితము వైభవమగుట రాజులకే చెల్లును!

లోపలి గోడనిండ రాజుల పటములే. విక్టోరియా మొదలు, 2023 మే 6న కిరీటధారణము చేసికొన్న మూడవ చార్లెసు వఱకు వరుసదీరియున్నారు. యజమాని వృద్ధుడు. ఒక్కొక్క పటమును గుడ్డతో తుడుచుచు, తన బంధువుల పెండ్లిదినములు చెప్పినట్లు పట్టాభిషేకదినములు చెప్పుచుండెను. ఆయన ప్రేమను జూచి నవ్వుటకు మాకు మనసొప్పలేదు.

విక్టోరియా పటముక్రింద 'భారతచక్రవర్తిని' యని బంగారు అక్షరములున్నవి. ఆ బిరుదమును 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో లిట్టనుప్రభువు చాటించెను. ఆ దినములలోనే నాటి మదరాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడపసీమలు కఱవుచే మలమలమాడుచుండెను. కఱవుపనులలో మగకూలికి దినమునకొక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని ఆ యేటి ఆరంభముననే సర్ రిచర్డు టెంపులు నిర్ణయించెను. అది ప్రాణము నిలుపజాలదని మదరాసు ఆరోగ్యాధికారి కార్నిషు వాదించెను.

పటము బాగున్నదా యని వృద్ధుడు మమ్మడిగెను. బాగున్నదని తప్పించుకొనక, ఈ కథ చెప్పితిమి. ఆయన గుడ్డ చేతబట్టుకొని కొంతతడవూరకుండి, "అయ్యా, మాకు చిన్నతనమున కిరీటము మాటయే చెప్పిరి, కఱవుమాట ఎవ్వరును చెప్పలేదు" అనెను. ఉపాధ్యాయులము గావున మాకు కొంచెము గర్వము గలిగినమాట దాచనేల?

తిరిగివచ్చుచుండగా మా గృహిణి మెల్లగా, "ఏమండీ, మీ బడిలోని జమీందారుగారి పటముమాట యేమి?" అనెను. మా గర్వము అక్కడికక్కడే దిగిపోయెను. మా పాఠశాలకు స్థలమిచ్చిన ఆ ప్రభువు పటమునకు ఏటేట వార్షికోత్సవమున పూలదండ వేయువారము మేమే. 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దయినవని పిల్లలకు చెప్పితిమి. కాని ఆయన పొలములలో వెట్టిచాకిరి చేసినవారి మునిమనుమలే మా యెదుట బల్లలపై కూర్చున్నారని యెఱిగియు, ఆ వెట్టిమాట ఇరువదియేండ్లలో ఒక్కసారియు నెత్తలేదు.

చదువరులారా! పటములను తీసివేయుమని మేము చెప్పము. దానమును సత్యమే, వెట్టియును సత్యమే. ఒకదానిని గోడకెక్కించి రెండవదానిని పూడ్చుటయే అసత్యము. బడి తెఱచిననాడు పటముక్రింద ఒక కాగితమంటించితిమి: "ఈ స్థలమిచ్చినవారు వీరు. వీరి భూములలో వెట్టిచేసినవారి పేర్లు ఎవ్వరును వ్రాసియుంచలేదు." మూడవనాటికి ఆ కాగితము లేదు. ఎవరు చింపిరో మేమడుగలేదు. మరల వ్రాసి యంటించితిమి. ఈసారి దానిని చదివి యొక పిల్లవాడు మా బల్లయొద్దకు వచ్చి, "మాస్టారూ, మా ముత్తాతపేరు మా యింట తెలియునండి" అనెను. అతనిచేతనే ఆ పేరు క్రింద వ్రాయించితిమి.